రెండు గదులు, ఒక పావురం

లిఫ్టు మళ్ళీ ఆగిపోయింది. ఆగిపోయిందనడం కూడా దాన్ని పొగడటమే, ఎందుకంటే ఆగాలంటే ముందు కదలాలి. ఈజిప్టులోని టాంటా ఊళ్ళో ఆ ఎనిమిదంతస్తుల భవనంలో ఫ్లాట్ల యజమానులు ఏటా రంజాన్ అయ్యాక లిఫ్టు గురించి సమావేశమవుతారు. కింది అంతస్తుల వాళ్ళు "లిఫ్టుతో మాకేం పని" అంటారు. పై అంతస్తుల వాళ్ళు "పొరుగువాళ్ళంటే ఇదేనా" అంటారు. అందరూ టీ తాగి, మెట్ల దగ్గర కొత్త బల్బు పెట్టాలని తీర్మానించి లేచిపోతారు. ఆ సమావేశాలన్నిటికీ అధ్యక్షుడు ఆరో అంతస్తులో ఉండే వగ్దీ మాస్టారు. భవనం మొత్తంలో లిఫ్టు అవసరం ఎక్కువగా ఉన్నది కూడా ఆయనకే. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళాలి.

ఆ శనివారం పొద్దున మాత్రం ఆయన లిఫ్టును తిట్టకుండా మెట్లు దిగాడు. చేతిలో శనగల మిఠాయి డబ్బా ఉంది. ప్రతి అంతస్తులోనూ ఆగి తలుపు కొట్టి, "దేవుడి దయవల్ల నయమైంది, నోరు తీపి చేసుకోండి" అంటూ దిగాడు. ఏం నయమైందని ఎవరూ అడగలేదు. ఆయన కిడ్నీ మనిషని అందరికీ తెలుసు. కిడ్నీ జబ్బంటే పెద్దమనుషుల జబ్బని మాస్టారి అభిప్రాయం, అది చెప్పుకోవచ్చు. నయమైంది మాత్రం కిడ్నీ కాదు. డయాలసిస్ మొదలైన మూడో ఏట ఒంట్లోకి చేరిన హెపటైటిస్ సి. దాని పేరు ఆయన ఇంట్లో కూడా ఎత్తడు. భార్య ఇఖ్లాస్ దాన్ని 'ఆ అక్షరం' అంటుంది.

ఆ అక్షరం ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికీ తెలియదు. మాస్టారు కొన్నాళ్ళు పళ్ళ డాక్టర్ని అనుమానించాడు. కొన్నాళ్ళు మంగలిని అనుమానించాడు, ఫుట్‌బాల్లో అతనిది వేరే జట్టు కాబట్టి. తను కూర్చున్న డయాలసిస్ గదిని అనుమానించడానికి మాత్రం మనసొప్పలేదు, ఎందుకంటే అది శుభ్రమైన గది.

ఆ సెంటర్లో నడవాకి కుడిపక్కనొక గది, ఎడమపక్కనొక గది ఉంటాయి. కుడిగది సి లేనివాళ్ళది. ఎడమగది ఉన్నవాళ్ళది. మిషన్లు వేరు, నర్సులు వేరు, టీ గ్లాసులు కూడా వేరు. 'శుభ్రమైన గది' అని ఎక్కడా రాసి లేదు, అయినా అందరూ అలాగే అంటారు. మాస్టారు మొదట్లో కుడిగదిలో ఉండేవాడు. వేలిమీద చుక్క రక్తం తీసి చేసే పరీక్షలో ఒకరోజు రెండో గీత పడింది. ఆరోజే ఆయన్ని ఎడమగదిలో నాలుగో కుర్చీకి మార్చారు. తర్వాత ప్రభుత్వం ఇచ్చిన మాత్రలు మింగాడు. మాత్రలైపోయి మూడు నెలలయ్యాక, రక్తంలో వైరస్‌నే వెతికే పీసీఆర్ పరీక్ష చేశారు. వైరస్ లేదు.

అందుకని ఆ శనివారం మాస్టారు సెంటర్లో అడుగుపెట్టి, ఇస్త్రీ చొక్కా సర్దుకుని, తిన్నగా కుడివైపు తిరిగాడు.

"ఎక్కడికి మాస్టారూ?" అంది నర్సు.

"ఇంటికి."

"మీ ఇల్లు ఇటు కదా," అని ఎడమగది తలుపు చూపించింది.

"నాకు తగ్గిపోయిందమ్మా. పీసీఆర్ చూడలేదా?"

నర్సు వేలిమీద గుచ్చింది. కాసేపటికి గీతలు రెండూ పడ్డాయి, ఎప్పటిలాగే, స్కేలు పెట్టి గీసినట్టు.

డాక్టర్ మైసా వచ్చింది. ఆమె ఒకప్పుడు మాస్టారి దగ్గర జాగ్రఫీ చదువుకుంది, మార్కులు కూడా బాగానే వచ్చాయి. అందువల్ల ఆయనకి చెడ్డమాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఇప్పటికీ లేచి నిలబడుతుంది.

"మాస్టారూ, మీకు నయమైంది. అది నిజం. గీత పడింది, అదీ నిజం. గీత చూపించేది వైరస్‌ని కాదు, యాంటీబాడీల్ని. వాడొచ్చాడని మీ ఒళ్ళు గుర్తుపెట్టుకుంది. చాలామందిలో ఆ గుర్తు ఏళ్ళ తరబడి పోదు, కొందరికి చచ్చేదాకా ఉంటుంది."

"ఉండనీ. మళ్ళీ వస్తే పట్టుకుంటాయిగా?"

"అదే వచ్చిన చిక్కు. మీ ఒంట్లో వైరస్‌తో కొట్లాడే కణాలున్నాయి. ఏళ్ళ తరబడి కొట్లాడి అవి అలిసిపోయాయి. ఎదురుగా వైరస్ ఉన్నా చూస్తూ ఊరుకునేంత అలసట. మాత్రలు పడి వైరస్ తగ్గేసరికి వాటికి కాస్త ఊపిరొచ్చింది. కొన్ని లేచి కూర్చున్నాయి. లివర్లో వాపు తగ్గింది. కానీ మళ్ళీ వైరస్ వస్తే ఆపేంత బలం వాటికి వచ్చిందని నేను చెప్పలేను. యాంటీబాడీలు గుర్తుపడతాయి, అంతే. వైరస్ కూడా రోజుకో వేషం మారుస్తుంది కదా."

మాస్టారికి తన భవనం కాపలావాడు షాజ్లీ గుర్తొచ్చాడు. రెండేళ్ళ కింద మూడో అంతస్తులో దొంగ పడి టీవీ ఎత్తుకుపోయాడు. పోలీసులు వచ్చి అడిగితే షాజ్లీ దొంగ ముక్కు, మీసం, చెప్పుల రంగుతో సహా వర్ణించాడు. ఇంత బాగా ఎలా చూశావని అడిగితే, "టీవీ బరువుగా ఉంది సారూ, మెట్ల దగ్గర నేనే ఓ చెయ్యేశాను" అన్నాడు.

"అంటే నా రక్తం నిండా షాజ్లీలేనా?" అన్నాడు మాస్టారు.

డాక్టర్‌కి షాజ్లీ ఎవరో తెలియదు. తలూపింది.

"మరి ఎడమగదిలో కూర్చుంటే మళ్ళీ అంటుకోవచ్చా?"

"జాగ్రత్తగానే చేస్తాం. మిషన్ కడుగుతాం, చేతి తొడుగులు మారుస్తాం. మిమ్మల్ని మొదటి విడతలో, మూలన కూర్చోబెడతాం."

"ఫిక్రీని కూడా మూలనే కూర్చోబెట్టారు."

ఫిక్రీ తాలూకా ఆఫీసులో గుమస్తా. మాస్టారికంటే ముందే అతనికి నయమైంది. కుడిగదిలోకి రానివ్వమని బతిమాలాడు. రానివ్వలేదు. ఎడమగదిలోనే ఉండిపోయాడు, కొన్ని నెలలకి వైరస్ మళ్ళీ దొరికింది, రెండోసారి మాత్రలు వచ్చేలోపే లివరు పాడై చనిపోయాడు. నాలుగో కుర్చీ అంతకుముందు అతనిదే.

మాస్టారు కుడిగది గుమ్మం దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. లోపల ముగ్గురున్నారు. ముగ్గురి చేతులకీ సూదులు, గొట్టాల్లో రక్తం తిరుగుతోంది. కిటికీ పక్క కుర్చీలో ఇంజనీరు బస్యూనీ ఉన్నాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పటి, ఇంటి నుంచి తెచ్చుకున్న దిండు, ఇంటి నుంచి తెచ్చుకున్న స్పిరిట్ సీసా. టీవీ రిమోట్‌ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి సంచి మీద నుంచే నొక్కుతాడు.

"రండి మాస్టారూ, రండి. అక్కడే ఉండండి," అన్నాడు బస్యూనీ.

"నాకు నయమైంది, బస్యూనీ."

"మంచిమాట. మిఠాయి కూడా తెచ్చినట్టున్నారు, అక్కడే పెట్టండి. గీత పడిందా?"

"గీతకి అర్థం లేదంటోంది డాక్టరమ్మ."

"ఆమాట ఫిక్రీ కూడా చెప్పాడు. అప్పుడు మీరేమన్నారో గుర్తుందా? ఈ కుర్చీలోనే కూర్చుని అన్నారు. ఒక్కసారి గీత పడినవాడు ఈ గుమ్మం దాటకూడదన్నారు. సరిహద్దంటే సరిహద్దేనన్నారు. నైలు నది ఉదాహరణ కూడా చెప్పారు. నాకు నచ్చి నెమరేసుకుంటూ ఉండిపోయాను."

నిజమే. ఆరోజు మాస్టారు గంటసేపు మాట్లాడాడు. అందరూ ఒప్పుకున్నారు. మిషన్లకి తగిలించి ఉన్నవాళ్ళు లేచిపోలేరు కనుక, ఆయన జీవితంలో చెప్పిన పాఠాల్లో అందరూ చివరిదాకా విన్నది అదొక్కటే. అప్పట్నించి ఆ సెంటర్లో అదే రూలు.

"అప్పుడు నాకు తెలియదు," అన్నాడు మాస్టారు.

"నాకిప్పుడూ తెలియదు. తెలియదు కాబట్టే భయం. ఎనిమిదేళ్ళుగా ఈ గొట్టాల్ని చూస్తూ కూర్చుంటున్నా. మీరు లోపలికొస్తే నేను సూది పీకించుకుని వెళ్ళిపోతా. వీళ్ళిద్దరూ కూడా." మిగిలిన ఇద్దరూ టీవీ చూస్తూనే తలలూపారు.

ఆ శనివారం మాస్టారు ఏ గదిలోనూ కూర్చోలేదు. మూడో గది ఉందేమోనని అడిగాడు. ఉంది, అందులో చీపుర్లు పెడతారు. ఊళ్ళో వేరే సెంటర్లకి ఫోన్ చేశాడు. గీత పడిందా అని అడిగి పెట్టేశారు. డాక్టర్ మైసా వెనకే వచ్చి, "మాస్టారూ, సెషన్ మానకండి, ప్రాణానికే ముప్పు, ఈ ఒక్కరోజుకి ఎడమగదిలో కూర్చోండి" అని బతిమాలింది. ఫిక్రీ కుర్చీలో కూర్చోవడమంటే ఫిక్రీ అవడమేనని ఆయన తలలో నాటుకుపోయింది. ఇంటికొచ్చి, దారిలో మిగిలిన మిఠాయి తనే తిని, ఒంట్లో నీరు పోయే దారి లేదు కనుక దాహం వేసినా నీళ్ళు తాగకుండా పడుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నానికి కాళ్ళు ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. దిళ్ళన్నీ వీపు వెనక పేర్చుకుని కూర్చున్నాడు. ఇఖ్లాస్ ఆయన్ని చూసి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది.

"ఏవండీ, పావురం పెడదాం," అంది.

"నేను ముప్పై రెండేళ్ళు సైన్సు ల్యాబ్ పక్క గదిలో పాఠాలు చెప్పినవాణ్ణి," అన్నాడు మాస్టారు.

"మా మేనమామకి కళ్ళు పచ్చబడితే బొడ్డు మీద పావురాన్ని కూర్చోబెట్టారు. విషమంతా లాగేసి అది చచ్చిపోయింది. ఆయన లేచి కూర్చుని ఈద్ భోజనం చేశాడు."

"నా ఒంట్లో వైరస్ లేదే. గీత ఒక్కటే ఉంది."

"గీతనే లాగుతుంది. వినండి. పావురం చచ్చిందనుకోండి, ఉన్నదేదో లాగేసినట్టు, మీరు శుభ్రం. బతికిందనుకోండి, లాగడానికేమీ లేనట్టు, అప్పుడూ మీరు శుభ్రమే. ఎటు చూసినా మనదే గెలుపు. ఆ ఇంజనీరుకి పీసీఆర్ అర్థం కాకపోతే పావురం అర్థమవుతుంది."

మాస్టారికి వాదించే ఊపిరి లేదు. లెక్క కూడా సరిగ్గానే ఉన్నట్టు తోచింది. షాజ్లీని పిలిచారు. అతను ఎదురింటి డాబా మీది గూట్లోంచి బూడిదరంగు పావురాన్ని పట్టుకొచ్చాడు. దేనికని అడిగాడు, ఇఖ్లాస్ చెప్పింది. అది ఆమె చేసిన పొరపాటు.

పావురం మాస్టారి పొట్టమీద కూర్చుంది. ఒకసారి అటూ ఇటూ చూసింది. అంత మెత్తటి చోటు దానికి జన్మలో దొరికి ఉండదు. రెక్కలు ముడుచుకుని కళ్ళు మూసుకుంది. ఇఖ్లాస్ ఎదురుగా కూర్చుని దాన్ని చూస్తోంది.

"చస్తోందా?" అని అడిగాడు మాస్టారు.

"కునుకు తీస్తోంది."

"అంటే నేను శుభ్రం."

"కాసేపు ఆగండి, తొందరెందుకు."

చీకటి పడింది. ఇఖ్లాస్ అన్నం వార్చడానికి లేచింది. ఆయాసపడి ఆయాసపడి అలిసిపోయిన మాస్టారు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకి వాలి నిద్రపోయాడు. నిద్రలో దిండనుకుని పావురాన్ని గుండెకి హత్తుకున్నాడు. ఇఖ్లాస్ తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా గట్టిగా పట్టుకునే ఉన్నాడు. పావురం చచ్చిపోయింది.

ఇఖ్లాస్ ఆయన్ని లేపి, వేళ్ళు విప్పించి దాన్ని తీసింది.

"నేను నొక్కేసినట్టున్నాను," అన్నాడు మాస్టారు.

"ఆమాట ఎవరితోనూ అనకండి," అంది ఇఖ్లాస్. పావురాన్ని పారెయ్యమని షాజ్లీకిచ్చింది. ఇంకో రోజైతే దాన్ని కోయించి, గోధుమరవ్వ కూరి వండేది.

సోమవారం పొద్దున లిఫ్టు అలాగే ఉంది. షాజ్లీ మాస్టారిని వీపుమీద ఎత్తుకుని ఆరంతస్తులు దింపాడు. తలుపుల దగ్గర నిలబడి చూస్తున్న ఫ్లాట్ల యజమానులు, ఈసారి లిఫ్టు సంగతి నిజంగా తేల్చాలని ఒకరితో ఒకరు అనుకున్నారు. టాక్సీలో షాజ్లీ కూడా ఎక్కాడు. మాస్టారి పెదాలు నీలంగా ఉన్నాయి. ఇఖ్లాస్ కిటికీ అద్దం దించి, ఎత్తి, మళ్ళీ దించింది.

సెంటర్ నడవాలో బెంచీమీద కూర్చోబెట్టారు. డాక్టర్ మైసా ఆయన చేయి పట్టుకుని చూసి, గుండె పరీక్ష చేసి, కాగితం మీద గీతలు చూసి మొహం మార్చుకుంది.

"పొటాషియం బాగా పెరిగింది. ఇంజక్షన్ ఇస్తాను, దాంతో గుండె కాసేపు నడుస్తుంది. ఇవాళ మిషన్ ఎక్కకుండా మీరు ఇంటికి వెళ్ళరు మాస్టారూ. రూలు సంగతి నేను చూసుకుంటా. కుడిగదిలోకి పదండి."

ఆమె కుడిగది తలుపు తెరిచేసరికి షాజ్లీ అప్పటికే లోపలున్నాడు. మాస్టారిని మోసుకొచ్చింది తనే అని ముందు చెప్పాడు. తర్వాత మిగతాదంతా చెప్పాడు. పావురం రంగు, కాళ్ళ రంగు, ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు చచ్చింది.

బస్యూనీ దిండులోంచి తలెత్తాడు. "చచ్చిందా?"

"కర్రలా బిగుసుకుపోయింది సారూ. నేనే పారేశాను."

"విన్నారా డాక్టరమ్మా? మీ పీసీఆర్ మాట పక్కన పెట్టండి. ఆయన పొట్టమీద కూర్చున్న పక్షి చచ్చింది. ఆ ఒంట్లో ఇంకా ఎంత విషం ఉందో!"

"మీరు ఇంజనీర్ కదా, బస్యూనీ గారూ," అంది డాక్టర్ మైసా.

"వంతెనల ఇంజనీర్ని. నా వంతెన మీద నుంచి పావురం చచ్చి పడితే నేను వంతెన మూయిస్తా. సిస్టర్, ఇటు రా, సూది తియ్యి."

"మీకు సగం కూడా కాలేదు. ఇప్పుడు తీస్తే నీరు ఒంట్లోనే ఉండిపోతుంది," అంది డాక్టర్ మైసా.

"ఉండనీ. ఆయనకి ప్రాణమైతే నాది కాదా?" బస్యూనీ స్పిరిట్ సీసా మూత తీసి మళ్ళీ పెట్టాడు. పక్కన ఇద్దరూ కూడా చేతులు చాపారు.

బెంచీమీద ఉన్న మాస్టారు ఇదంతా విన్నాడు. లేవబోయాడు, చేతకాలేదు. "ఎడమగదికి తీసుకెళ్ళు," అన్నాడు ఇఖ్లాస్‌తో. "ఫిక్రీ కుర్చీకే."

ఎడమగది గుమ్మంలో తహానీ పెద్దమ్మ ఉంది. ఆ గదికి ఆమే పెద్ద. డాక్టర్లు వద్దన్నవన్నీ వండుకొచ్చి అందరికీ పెడుతుంది. ఆమె ఇంకా సూది పెట్టించుకోలేదు. నల్ల శాలువా భుజానికి చుట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"లోపలికి రాకు నాయనా," అంది.

"నువ్వు కూడానా, పెద్దమ్మా?"

"పావురం చచ్చిందట కదా. అంటే నీ జబ్బంతా అది పట్టుకుపోయింది. నువ్వు కడిగిన ముత్యంలా ఉన్నావ్. నిన్ను తీసుకొచ్చి మళ్ళీ మా మధ్య కూర్చోబెట్టుకోనా? ఫిక్రీని కూర్చోబెట్టుకున్నాం. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి నా చేత్తోనే తినిపించాను. ఏమైంది? ఆ పాపం ఇంకోసారి నాతో మోయించకు."

"పావురం జబ్బుతో చావలేదు పెద్దమ్మా. నేను నిద్రలో నొక్కేశాను."

"నువ్వలాగే అంటావు. మంచివాడివి." ఆమె ఏడుస్తోంది, గుమ్మం మాత్రం వదల్లేదు. "అటు వెళ్ళు. కుడిగదిలో పట్టుపట్టి కూర్చో. నిన్నెవరూ ఏమీ చెయ్యలేరు."

కుడిగదిలోంచి నర్సు కేకేసింది: "డాక్టరమ్మా, నిజంగానే పీకమంటున్నారు, ఏం చెయ్యను?"

డాక్టర్ మైసా నడవా మధ్యలో నిలబడింది. ఆమె ఆ ఉదయం అందరికీ పీసీఆర్ గురించి, యాంటీబాడీల గురించి, అలిసిపోయి లేచిన కణాల గురించి మళ్ళీ చెప్పింది. కుడిగది వాళ్ళు పావురం గురించి అడిగారు. ఎడమగది వాళ్ళూ పావురం గురించే అడిగారు. ఎటు చూసినా మనదే గెలుపన్న ఇఖ్లాస్ ఇప్పుడు గోడకి ఆనుకుని, ఆయన చెప్పుల్ని చేత్తో పట్టుకుని నిలబడి ఉంది, అవి ఆయన కాళ్ళకి పట్టడం లేదు.

"మాస్టారూ," అంది డాక్టర్ మైసా వంగి, నెమ్మదిగా. "రెండు గదుల్లోనూ మిషన్ సిద్ధంగా ఉంది. కుడివైపు వెళ్తే ఆ ముగ్గురూ సగంలో లేచిపోతారు. వాళ్ళలో ఒకాయన గుండె అంత బాగాలేదు. ఎడమవైపు వెళ్తే ఇవాళ బతుకుతారు, పెద్దమ్మని నేను పక్కకి జరుపుతా. తర్వాతి సంగతి నేను మాటివ్వలేను. ఇంజక్షన్ బలం ఎక్కువసేపు ఉండదు. ఎటైనా సరే, చెప్పండి."

మాస్టారు నోరు తెరిచాడు. అరేబియా మ్యాప్ అయినా, ఆఫ్రికా మ్యాప్ అయినా కళ్ళు మూసుకుని బోర్డు మీద గీసే మనిషి, రెండు తలుపుల మధ్య బెంచీమీద కూర్చుని ఎటు చూపించాలో తెలియక వేలు గాల్లోనే ఉంచాడు. షాజ్లీ వచ్చి పక్కన వంగి, "ఎత్తుకోనా సారూ? ఎటు?" అని అడుగుతున్నాడు.

చదువుతున్నవాళ్ళకి ఒక దండం. కథ చెప్పేవాణ్ణి నేనే అయినా ఆ వేలు ఎటు తిప్పాలో నాకు తెలియడం లేదు. బస్యూనీని బుద్ధిలేనివాడని కొట్టిపారేద్దామా అంటే అతని చేతికీ సూది ఉంది. తహానీ పెద్దమ్మని పక్కకి నెట్టేద్దామా అంటే ఫిక్రీకి తినిపించిన చెయ్యి ఆమెది. మీలో డాక్టర్లుంటారు, నర్సులుంటారు, ఇంట్లో ఇలాంటి జబ్బుతో కూర్చున్నవాళ్ళుంటారు. రక్తం గుర్తుపెట్టుకున్నదాన్ని మరిపించే ఉపాయమేదైనా మీకు తెలిస్తే చెప్పండి. భయపడ్డ మనిషికి గీత అంటే ఏమిటో అర్థమయ్యేలా చెప్పే మాటేదైనా ఉంటే అదైనా చెప్పండి. ఏదీ లేకపోతే కుడి అనో ఎడమ అనో ఒక్క ముక్క అనండి, షాజ్లీ ఎత్తుకుంటాడు. కాస్త త్వరగా చెప్పండి. ఆయన పెదాలు మళ్ళీ నీలంగా అవుతున్నాయి.